కాక్‌పిట్ మీటరు పాడైతే రిపేరు వాయిదా వేయడం ఎలా: చిన్న విమానాల లైన్ ఇంజనీరుకు సమగ్ర మార్గదర్శి

మాది కావలి. చిన్నప్పుడు ఉదయగిరి వైపు పోయే ఒక బస్సులో డ్రైవరు పక్కన బానెట్ మీద కూర్చుని వెళ్లేవాణ్ణి. ఆ బస్సు స్పీడో ముల్లు ఎప్పుడు చూసినా సున్నా దగ్గరే నిద్రపోతుండేది. అది ఎప్పుడు చెడిందో, ఎవరికి చెప్పారో, ఎప్పుడు బాగుచేస్తారో ఎక్కడా రాసి ఉండదు. ఇంజను మోతను బట్టి వేగం తెలిసిపోతుందని డ్రైవరు నమ్మకం.

మొన్న దసరాకు సింగరాయకొండ నుంచి మా అక్క కొడుకు వచ్చాడు. ఏఎంఈ (విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్) చదువుతున్నాడు, లైసెన్సు పేపర్ల టెన్షన్‌లో ఉన్నాడు. భోజనాల దగ్గర అడిగాడు.

"మామా, కాక్‌పిట్‌లో మీటరు పనిచేయకపోయినా జనాన్ని ఎక్కించుకుని పంపించేస్తారంట గదా?"

"పంపిస్తాం అబ్బయా. కాకపోతే రాసి పంపిస్తాం."

"రాస్తే బాగైపోద్దా ఏంది?"

ఆ ప్రశ్నకు జవాబు చెప్పేసరికి రెండు గంటలు పట్టింది. అప్పుడు చెప్పిందే ఇక్కడ వరుసగా పెడుతున్నాను. నా అనుభవమంతా టర్బోప్రాప్‌ల మీదే, అంటే ప్రొపెల్లర్ తిరిగే చిన్న విమానాల మీదే. నెల్లూరు, ప్రకాశం, మన రెండు జిల్లాల్లో షెడ్యూల్డ్ విమానాలు దిగే విమానాశ్రయం లేదు. దగదర్తి మాట, ఒంగోలు మాట ఏళ్లుగా వింటున్నాం. 2022 డిసెంబరులో పాత ప్రకాశం జిల్లాలోని కొరిశపాడు దగ్గర జాతీయ రహదారి మీద వైమానిక దళం ట్రయల్ చేస్తే జనం పొలాల గట్లెక్కి చూశారు, అంతే. విమానం ఎక్కాలంటే రేణిగుంటకో చెన్నైకో పోవాలి. అక్కడ కనిపించే రెక్కలు పైనున్న ఏటీఆర్ 72, దానికన్నా చిన్నదైన 19 సీట్ల డోర్నియర్ 228 లాంటివాటి గురించే ఈ మాటలు. ముందే ఒక హెచ్చరిక: ఇందులోని ఉదాహరణలు పద్ధతి అర్థం కావడానికే. మీ విమానానికి మీ కంపెనీ ఆమోదించిన పుస్తకంలో ఏముందో అదే చెల్లుతుంది.

ముందు పుస్తకం సంగతి

ఏ పరికరం పనిచేయకపోయినా, ఏ షరతుల మీద, ఎన్నాళ్లు ఎగరొచ్చో చెప్పే పుస్తకం మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్. అందరం ఎంఈఎల్ అంటాం. విమానం మోడల్‌కంతటికీ కలిపి మాస్టర్ లిస్ట్ ఒకటి ఉంటుంది. దాని మీద ఆధారపడి కంపెనీ తన ఎంఈఎల్ రాసుకుంటుంది, దాన్ని మన దేశంలో పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదిస్తుంది. మాస్టర్ కన్నా గట్టిగా రాసుకోవచ్చు కానీ సడలించి రాసుకోవడానికి వీల్లేదు. మాస్టర్ లిస్ట్‌లో ఉందని మీ లిస్ట్‌లో లేనిదాన్ని వాడకూడదు. కొత్తవాళ్లు ఇంటర్నెట్‌లో దొరికిన మాస్టర్ లిస్ట్ పీడీఎఫ్ చూసి వాదనకు దిగడం నేను చాలాసార్లు చూశాను.

పుస్తకంలో రెక్క, ఇంజను, రడ్డర్ ఉండవు. లేవు కాబట్టి అవి లేకుండా ఎగరొచ్చని కాదు. భద్రతకు సంబంధించిన వస్తువు లిస్ట్‌లో లేకపోతే అది పనిచేసి తీరాల్సిందేనని అర్థం.

ఇంకో సంగతి. ఎంఈఎల్ చెల్లేది విమానం టేకాఫ్ కోసం తన సొంత శక్తితో కదిలే వరకే. ఆ తర్వాత మీటరు పోతే పైలట్ తన అబ్నార్మల్ చెక్‌లిస్టు చూసుకుంటాడు. దిగాక మళ్లీ మన పని మొదలవుతుంది.

మొదటి మెట్టు: స్నాగ్‌ను ఉన్నదున్నట్టు రాయించుకోవడం

స్నాగ్ అంటే పైలట్ రాసిచ్చే లోపం. పైలట్ టెక్ లాగ్‌లో (విమానంతోనే ఉండే లోపాల పుస్తకంలో) "కుడి ఫ్యూయల్ గేజ్ పనిచేయడం లేదు" అని రాస్తే సరిపోదు. మొత్తం ఆరిపోయిందా, గీతలు చూపించిందా, ఒక అంకె దగ్గర ఆగిపోయిందా, టర్న్ చేసినప్పుడు మాత్రమే ఊగిందా? ఎత్తులోనా, నేల మీదా? క్రూ ఇంకా మెట్లు దిగకముందే అడగండి. హోటల్ కారెక్కాక ఫోన్ చేస్తే సగం మరిచిపోయి ఉంటారు. ఊగే ముల్లుకీ చచ్చిపోయిన ముల్లుకీ కారణాలు వేరు. ఊగేది ఎక్కువగా కనెక్టర్ గొడవ. చచ్చిపోయింది కరెంటు గొడవ కావచ్చు, లోపల కార్డు గొడవ కావచ్చు.

రెండో మెట్టు: రోగం మీటరుదా, మీటరు చూపించేదానిదా

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. లోతుగా చెప్పాల్సిందీ, ఎక్కువమంది దాటేసేదీ ఇదే. ఎంఈఎల్ తెరవడం సులువు. తెరవకముందు ఏ వస్తువు చెడిందో తేల్చుకోవడమే కష్టం.

ఆయిల్ ప్రెషర్ గేజ్ తక్కువ చూపిస్తోందనుకోండి. గేజ్ అబద్ధం చెబుతోందని మనకు అనిపిస్తే చాలదు, రుజువు కావాలి. నిజంగానే ప్రెషర్ తగ్గిందేమో? రెండో చోట చూడాలి. లో ప్రెషర్ లైటు వెలిగిందా, ఉష్ణోగ్రత పెరిగిందా, ఆయిల్ స్థాయి ఎంతుంది? రెండు పక్కలా ఒకే పార్ట్ నంబరు గేజ్‌లు ఉంటే, మాన్యువల్ ఒప్పుకుంటే, అటుదిటు మార్చి చూడండి. తప్పు గేజ్‌తో పాటు రెండో పక్కకు వస్తే గేజ్‌దే దోషం. ఉన్న పక్కనే ఉండిపోతే వైరు, సెన్సరు, లేదా ఇంజను.

మన తీరం వైపు తిరిగే విమానాల్లో నేను మొదట చూసేది కనెక్టర్. ఉప్పుగాలి ఊరికే ఉండదు. ఒకసారి టార్క్ గేజ్ (ఇంజను తిప్పే బలం చూపేది) ఊగుతోందని ఇండికేటర్ మార్చడానికి సిద్ధమైపోయాం. సెన్సరు దగ్గర కనెక్టర్ విప్పి టార్చి వేస్తే రెండు పిన్నుల మొదళ్లలో పచ్చగా చిలుం పట్టి ఉంది, ఇత్తడి చెంబు అడుగున పట్టినట్టు. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మెత్తని బ్రష్‌తో తుడిచి, ఆరనిచ్చి బిగిస్తే గేజ్ నిలబడింది. నలభై నిమిషాల పని. వాయిదా వేసి ఉంటే పది రోజులు మెడకు చుట్టుకునేది.

ఈ మెట్టు దాటేస్తే ఏమవుతుందో 2008 ఆగస్టు 20న మాడ్రిడ్‌లో కనిపించింది. అది పెద్ద జెట్, ఎండీ 82. అయినా పాఠం మనదే. బయటి గాలి ఉష్ణోగ్రత కొలిచే ప్రోబ్ నేల మీదే వేడెక్కిపోతోందని విమానం రన్‌వే దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ప్రోబ్ హీటర్ లేకుండా పంపడానికి ఎంఈఎల్ ఒప్పుకుంటుంది. దానికి కరెంటు ఆపే సర్క్యూట్ బ్రేకరు లాగి పంపించారు. కానీ హీటర్ నేల మీద ఎందుకు ఆన్ అయింది? ఆ హీటర్‌నూ, ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున దించే పలకలు) వేయకుండా టేకాఫ్‌కు పోతే అరిచే హెచ్చరికనూ నడిపించే రిలే ఒకటే. ఆ రోజు పైలట్లు ఫ్లాప్స్ మరిచిపోయారు, హెచ్చరిక మోగలేదు, 154 మంది చనిపోయారు. రిలే చెడడమే కారణమని దర్యాప్తు గట్టిగా తేల్చలేకపోయింది. అయినా నా మట్టుకు నాకు ఆ కేసులో అసలు ప్రశ్న హీటర్ లేకుండా ఎగరొచ్చా అన్నది కాదు. చల్లగా ఉండాల్సిన హీటర్ ఎందుకు వేడెక్కింది అన్నదే.

మూడో మెట్టు: సరైన పేజీ, సరైన విమానం

ఇప్పుడు పుస్తకం తెరవండి. రివిజన్ నంబరు చూడండి, తర్వాత ఈ విమానం సీరియల్ నంబరుకు ఆ పేజీ వర్తిస్తుందో లేదో చూడండి. ఒకే కంపెనీలో పాత గడియారం గేజ్‌లున్న విమానం, కొత్త స్క్రీన్లున్న విమానం రెండూ ఉంటాయి.

చాప్టర్లు ఏటీఏ నంబర్ల ప్రకారం ఉంటాయి, అంటే విమానంలోని ఒక్కో సిస్టమ్‌కు అన్ని పుస్తకాల్లోనూ ఒకటే నంబరు. నావిగేషన్ 34, ఇంజను ఇండికేషన్ 77, ఫ్యూయల్ 28, ఎలక్ట్రికల్ 24, కాక్‌పిట్ ఇండికేటర్లు, రికార్డర్లు వగైరా 31. ఫ్యూయల్ గేజ్ కాక్‌పిట్‌లో ఉంది కదా అని 31లో వెతకొద్దు, అది 28లో దొరుకుతుంది.

ఐటం దొరికాక వరుసగా చదవండి: ఎన్ని బిగించి ఉన్నాయి, పంపడానికి కనీసం ఎన్ని పనిచేయాలి, రిపేరు గడువు కేటగిరీ ఏది, షరతులేమిటి. షరతుల మొదట్లో 'ఎం' అక్షరం ఉంటే మెయింటెనెన్స్ వాళ్లు చేయాల్సిన పని ఉందని, 'ఓ' ఉంటే పైలట్లు పాటించాల్సిన పద్ధతి ఉందని అర్థం. షరతుల వాక్యాల మధ్య 'మరియు' ఉందా, 'లేదా' ఉందా వేలు పెట్టి చదవండి. అర్ధరాత్రి రెండింటికి 'మరియు' కళ్లకు 'లేదా'లా కనిపిస్తుంది. నాకు కనిపించింది.

నాలుగో మెట్టు: రోజులు లెక్కపెట్టడం

బీ కేటగిరీకి 3 రోజులు, సీ కి 10, డీ కి 120. 'ఏ' (A) అక్షరం కేటగిరీకి మాత్రం నిర్ణీత గడువు ఉండదు, ఎంతో ఆ షరతుల్లోనే రాసి ఉంటుంది. ఇవన్నీ వరుస క్యాలెండర్ రోజులు. ఆదివారమూ కలుస్తుంది, సంక్రాంతీ కలుస్తుంది. విమానం ఎగరకుండా నిలబడిన రోజూ కలుస్తుంది.

స్నాగ్ రాసిన రోజును లెక్కలోకి తీసుకోరు. నవంబరు 12న ఎన్ని గంటలకు రాసినా లెక్క 13 నుంచే. బీ అయితే 15వ తేదీ అర్ధరాత్రితో గడువు అయిపోతుంది. సీ అయితే 22. డీ అయితే లీపు సంవత్సరం కాకపోతే మార్చి 12.

ఏ గడియారం ప్రకారం? మాన్యువల్‌లో యూటీసీ (అంతర్జాతీయ ప్రామాణిక సమయం) అని ఉంటే యూటీసీయే. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. 13వ తేదీ తెల్లవారుజామున నాలుగున్నరకు రాసిన స్నాగ్ యూటీసీ ప్రకారం ఇంకా 12వ తేదీదే. ఈ ఒక్క తేడాతో గడువు ఒక రోజు జారిపోతుంది. నేను డ్యూటీలో చేరిన కొత్తలో ఒక సీనియర్, పేరెందుకు, ఇదే తప్పు చేశాడు. ఉదయం ఫ్లయిట్‌కు బోర్డింగ్ అయ్యాక సంగతి తెలిసింది. జనాన్ని దించి మళ్లీ లాంజ్‌లో కూర్చోబెట్టారు.

నెల్లూరు మనిషికి ఇది చెప్పడం తేలిక. వాయిదా అంటే ప్రోనోటు మీద తెచ్చిన అప్పు, తేదీ నోటు మీదే ఉంటుంది. తేడా ఒకటే: వడ్డీ కట్టి నోటు తిరగరాయించుకోవడం ఇక్కడ అంత సులువు కాదు. గడువు పొడిగించాలంటే కంపెనీకి ఆమోదించిన పద్ధతి ఉంటుంది, కారణం చూపించాలి, పై సంతకాలు కావాలి. 'ఏ' (A) కేటగిరీకి ఆ ఆశ పెట్టుకోవద్దు.

ఐదో మెట్టు: పాత వాయిదాలతో కలిపి చూడటం

ఇప్పటికే ఈ విమానం మీద ఏమేం వాయిదాలో ఉన్నాయో లిస్ట్ తీయండి. కొన్నిచోట్ల హోల్డ్ ఐటమ్స్ అంటారు, కొన్నిచోట్ల డెఫర్డ్ డిఫెక్ట్స్ అంటారు. ఒక్కొక్కటిగా చూస్తే రెండూ ఒప్పుకునేవే కావచ్చు. కలిపితే ఒప్పుకోకపోవచ్చు. కుడి ట్యాంకు గేజ్ పోయింది, ఎంత ఖర్చవుతోందో కుడి ఫ్యూయల్ ఫ్లో చూసి లెక్క కట్టుకోండి అని షరతు. ఆ కుడి ఫ్యూయల్ ఫ్లో నిన్నటి నుంచే వాయిదాలో ఉంటే? పుస్తకం ప్రతి జంట గురించీ విడిగా చెప్పదు. పైలట్ మీద పని భారం ఎంత పెరుగుతుందో కూడా మనమే ఆలోచించాలి. రెండు వాయిదాల దాకా నేను మామూలుగా ఉంటాను. మూడోది కాక్‌పిట్‌లోదే అయితే ముందు మెయింటెనెన్స్ కంట్రోల్‌కు ఫోన్ చేసి, ఆ తర్వాతే పెన్ను తీస్తాను.

ఆరో మెట్టు: చేతి పని

'ఎం' పద్ధతి మాన్యువల్ ముందు పెట్టుకుని చేయండి, గుర్తున్నంత మేరకు కాదు. మామూలుగా సర్క్యూట్ బ్రేకరు లాగి, దాని మెడకు ప్లాస్టిక్ క్లిప్ తొడగాలి. ఎవరూ పొరపాటున లోపలికి నొక్కకుండా ఉండటానికే ఆ క్లిప్.

ఈ బ్రేకరు విషయంలో 1983 జులైలో కెనడాలో జరిగింది ప్రతి ట్రైనీకీ చెబుతాను. బోయింగ్ 767 ఫ్యూయల్ గేజ్‌లలో లోపం. ఒక ఇంజనీరు ఒక ఛానల్ బ్రేకరు లాగితే గేజ్‌లు పనిచేస్తున్నాయని కనిపెట్టి, లాగి, గుర్తు పెట్టి పంపాడు. తర్వాత మరో ఊళ్లో మరొకడు పరీక్షకని ఆ బ్రేకరు లోపలికి నొక్కాడు. మధ్యలో వేరే పని పడి, తిరిగి లాగకుండా వెళ్లిపోయాడు. గేజ్‌లన్నీ ఆరిపోయాయి. బ్రేకరు మీద గుర్తు అలాగే ఉంది. కెప్టెన్ వచ్చి చూసి, ఇది తెలిసిన లోపమే, వాయిదాలో ఉన్నదే అనుకున్నాడు. ఇక ఇంధనాన్ని ట్యాంకులో స్టిక్‌తో కొలిచి లీటర్ల నుంచి కిలోలకు మార్చాలి. లీటరుకు దాదాపు 0.8 కిలో అని వేయాల్సిన చోట 1.77 వేశారు. అది పౌండ్ల లెక్క. 22,300 కిలోలు ఉందనుకున్నారు, ఉన్నది అందులో సగం కూడా లేదు. ఆకాశంలో రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. గిమ్లీ అనే ఊళ్లో పాత రన్‌వే మీద గ్లైడర్‌లా దింపారు కాబట్టి 69 మందీ బతికారు.

అందుకే నా పద్ధతి ఇది. పరీక్ష కోసం క్లిప్ తీస్తే ఆ క్లిప్‌ను నా ఎడమ చేతి చిటికెన వేలికి తొడుక్కుంటాను. వేలికి ఉన్నంతసేపు విమానం దిగను. ఇది ఏ మాన్యువల్‌లోనూ లేదు, మీరు పాటించకపోయినా ఏమీ అనను.

గేజ్ మీదో పక్కనో 'ఇనాప్' (పనిచేయదు) అన్న ప్లకార్డు అతికించాలి. పైలట్ కూర్చున్న చోటి నుంచి కనిపించాలి, పక్క గేజ్ అంకెలను కప్పకూడదు. అతికించే ముందు ప్యానెల్‌ను స్పిరిట్ గుడ్డతో తుడవండి. ఏప్రిల్, మే నెలల్లో ఎండలో నిలబెట్టిన కాక్‌పిట్‌లో జిగురు కరిగి అంచులు లేస్తాయి, మధ్యాహ్నానికి స్టిక్కరు పెడస్టల్ మీద పడి ఉంటుంది. ప్లకార్డు పడిపోతే షరతు తప్పినట్టే.

ఏడో మెట్టు: రాత, సంతకం

టెక్ లాగ్‌లో ఏం చూశారు, ఏం చేశారు, ఎంఈఎల్ ఐటం నంబరు, కేటగిరీ, గడువు తేదీ, లాగిన బ్రేకరు, పెట్టిన ప్లకార్డు, 'ఓ' పద్ధతి ఉంటే ఆ మాట, అన్నీ రాయండి. వాయిదా లిస్ట్‌లో అదే రాయండి. ఏ పార్టు కావాలో అప్పుడే ఆర్డరు పెట్టండి. మెయింటెనెన్స్ కంట్రోల్‌కు, డిస్పాచ్‌కు చెప్పండి. తర్వాత మీ లైసెన్సు మీద రిలీజ్ సంతకం.

కెప్టెన్ వద్దంటే

ఎంఈఎల్ పంపొచ్చని చెబుతుంది, పంపి తీరాలని చెప్పదు. వెదర్ రాడార్ తీసుకోండి. దారిలో ఉరుములతో కూడిన మేఘాలు లేవని అంచనా ఉంటే అది లేకుండా పోవచ్చని మామూలుగా షరతు ఉంటుంది. ఫిబ్రవరిలో అయితే ఎవరూ మాట్లాడరు. నవంబరులో, ఈశాన్య రుతుపవనాల్లో, బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నప్పుడు? 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు నెల్లూరు, ఒంగోలు ఎలా తడిసిపోయాయో గుర్తుందిగా. ఆ సీజన్‌లో రాడార్ లేకుండా రాత్రి ఫ్లయిట్ వద్దని కెప్టెన్ అంటే వాదించకండి. ఆయన ముందు కూర్చుంటాడు, మనం కింద నిలబడి చెయ్యి ఊపుతాం. పై నుంచి ఫోన్లు వస్తాయి, ఒత్తిడి ఉంటుంది. "కెప్టెన్ ఒప్పుకోలేదు, విమానం ఏఓజీ" (అంటే నేల మీదే ఆగిపోయింది) అని ఒక్క ముక్క చెప్పి పార్టు కోసం వెతకడం మొదలుపెట్టండి.

ఆఖరి మెట్టు: వాయిదా మూయడం

పార్టు వచ్చింది. బిగించే ముందు పార్ట్ నంబరును పార్ట్స్ కేటలాగ్‌తో పోల్చండి, ఈ విమానం మోడల్‌కే వర్తిస్తుందని చూడండి. కనెక్టర్ సరిపోయింది, స్క్రూలు సరిపోయాయి అన్నది రుజువు కాదు. 2005లో ట్యునీషియాకు చెందిన ఒక ఏటీఆర్ 72లో ఫ్యూయల్ గేజ్ మార్చారు. బిగించింది ఏటీఆర్ 42 గేజ్. చూడ్డానికి ఒకేలా ఉంటుంది, అందులోనే పడుతుంది. ట్యాంకుల లెక్క మాత్రం వేరు. మర్నాడు ఆగస్టు 6న గేజ్ ఇంధనం ఉందని చూపిస్తుండగానే ట్యాంకులు ఎండిపోయి రెండు ఇంజన్లూ ఆగాయి. సిసిలీ దగ్గర సముద్రంలో దిగింది. ఉన్న 39 మందిలో 16 మంది పోయారు. చెడిన గేజ్‌తో, వాయిదాతో, స్టిక్‌తో కొలుచుకుంటూ ఎగిరి ఉంటే ఆ ప్రమాదం జరిగేది కాదేమో అని నాకు అనిపిస్తుంది. ఇనాప్ అని రాసి ఉన్న గేజ్‌ను ఎవరూ నమ్మరు కదా.

ఇంకో విమానం నుంచి పార్టు పీకి ఇందులో వేయడాన్ని మా హ్యాంగర్లో 'రాబరీ' అంటాం. అనుమతితో, కాగితాలతో చేస్తే తప్పు కాదు. కానీ పదో రోజు రాత్రి చెడిన గేజ్‌ను ఇంకో విమానానికి మార్చి అక్కడ కొత్తగా పది రోజులు తెచ్చుకోవడం, లేదా 'చెక్ చేశాం, బాగుంది' అని మూసి మర్నాడు మళ్లీ తెరవడం మాత్రం మోసమే. అదే స్నాగ్ మళ్లీ మళ్లీ వస్తుంటే రెండో మెట్టు దగ్గర పొరపాటు పడ్డామని అర్థం. వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టండి.

బిగించాక క్లిప్ తీయండి, బ్రేకరు నొక్కండి, అప్పుడు పరీక్ష. ఫ్యూయల్ గేజ్ అయితే స్టిక్ కొలతతో పోల్చి చూడండి. తర్వాత ప్లకార్డు పీకండి, జిగురు మరక స్పిరిట్‌తో తుడవండి. మరక ఉంటే వచ్చే పైలట్ ఇక్కడేదో ఉండాలే అని వెతుక్కుంటాడు. టెక్ లాగ్‌లో, వాయిదా లిస్ట్‌లో రెండు చోట్లా మూయండి. ఒకచోట మూసి రెండోచోట మరిచిపోతే మూడో రోజు ఆడిట్‌లో దొరుకుతుంది.

మావాడు చేతులు కడుక్కుని వచ్చి ఇంకొకటి అడిగాడు. "క్లిప్పులు ఎక్కడ పెట్టాలి మామా?" లెక్కపెట్టి డబ్బాలో పెట్టాలి. ఐదు తీసుకెళితే ఐదూ తిరిగి రావాలి. నాలుగే వస్తే ఆ ఐదోది దొరికే దాకా విమానం దగ్గరే ఉండండి.